సర్టిఫికెట్ కోసం పంపిన పాప: తిరుపతి నుంచి ఒక కేస్ స్టడీ

పాపకు 13 ఏళ్ళు. తిరుపతి శివార్లలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి. 2024-25లో ఎస్ఏ-1 (అర్ధ సంవత్సర పరీక్ష) మార్కులు వచ్చాక క్లాస్ టీచర్ ఒక చీటీ రాసి, వాళ్ళమ్మ చేతికిచ్చి నా దగ్గరికి పంపారు. "అన్ని సబ్జెక్టుల్లోనూ సీ గ్రేడ్. చెప్పింది ఎక్కదు. ఎంఆర్ ఉందేమో చూసి సదరం సర్టిఫికెట్‌కు రాయగలరు." ఎంఆర్ అంటే బుద్ధిమాంద్యం, సదరం అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం. లెక్కల్లో నూటికి 11 వచ్చాయి.

నేను పిల్లల సైకాలజిస్టుని. మార్కులు చూసి పంపే కేసులు నాకు చాలానే వస్తాయి. అలా వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ప్రభుత్వ బడుల పిల్లలు, ఇంట్లో బడి మొహం చూసిన మొదటి తరం వాళ్ళు. ఈ ఒక్క కేసునే వివరంగా రాయడానికి కారణం ఉంది. పరీక్ష మార్కు ఒక పిల్ల గురించి ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు, చెప్పలేనిదాన్ని కూడా చెప్పినట్టే పెద్దవాళ్ళు తీసుకుంటే ఆ పిల్లకు ఏమవుతుంది, ఈ మూడూ ఇందులో విడివిడిగా కనిపించాయి. పాప, వాళ్ళమ్మ ఇద్దరూ సరేనన్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

చీటీ వెనక సంగతి

టీచర్‌తో ఫోన్లో మాట్లాడాను. ఆయనకు పాప మీద కోపం లేదు, జాలే ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పదో తరగతిలో పాస్ మార్కుల సడలింపు, అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషి ఉంటారు. సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకుంటే రెండేళ్ళ తర్వాత పాప గట్టెక్కుతుందని ఆయన ఆలోచన. బడి పాస్ పర్సంటేజీ గురించిన టెన్షన్ కూడా మాటల్లో తెలిసింది. 2022లో రాష్ట్రం మొత్తం మీద పదో తరగతి ఉత్తీర్ణత 67.26 శాతానికి పడిపోయింది. ఆ తర్వాత నేను మాట్లాడిన ఏ హెడ్మాస్టర్ గొంతులోనైనా ఈ టెన్షన్ ఉంది. రివ్యూ మీటింగులో లేచి నిలబడి జవాబు చెప్పాల్సింది వాళ్ళే.

అయితే చీటీలో రాయని సంగతి ఒకటుంది. ఎస్ఏ-1 మార్కుల తర్వాత ఎనిమిదో తరగతిని రెండు బ్యాచ్‌లు చేశారు. సీ గ్రేడ్ వచ్చినవాళ్ళను వేరే గదిలో కూర్చోబెట్టి, కొత్త పాఠాలు ఆపేసి, తప్పకుండా అడిగే ప్రశ్నలను చూచిరాత రాయించడం మొదలుపెట్టారు. లెక్కల పీరియడ్‌లో ఎక్కాలు, కూడికలు, తీసివేతలు. ఏ క్లాసమ్మా అని అడిగితే పాప "ఎయిత్, సీ బ్యాచ్ మేడం" అంది. సెక్షన్ పేరు చెప్పినంత మామూలుగా చెప్పింది.

పరీక్షల రోజుల్లో పాపకు కడుపునొప్పి వస్తుంది. పొద్దున లేచేసరికే మొదలై, బస్సు వెళ్ళిపోయాక తగ్గుతుంది. వాళ్ళమ్మ దిష్టి తీసింది, వాము నీళ్ళు తాగించింది, పిల్లల డాక్టరుకు కూడా చూపించింది. డాక్టరు ఏమీ లేదన్నారు. మా గదిలో కూర్చోగానే తల్లి అడిగిన మొదటి మాట ఇది: "మా బిడ్డకు మెదడు తక్కువని రాసిచ్చినారంట కదమ్మా. ఇంట్లో అట్ల ఏమీ లేదే. పూల లెక్కంతా అదే చూస్తాది."

మూడు భాషల మధ్య

నా అనుభవంలో ఇలాంటి కేసుల్లో సగం జవాబు టెస్టుల పెట్టె తెరవకముందే దొరుకుతుంది. ఏ ఏడాది ఏ ఊళ్ళో, ఏ మీడియంలో చదివిందో వరసగా రాసుకుంటే చాలు.

పాప పుట్టింది నగరి వైపు, తమిళనాడు సరిహద్దు పల్లెలో. ఇంట్లో తమిళం. మూడో తరగతి దాకా చదివింది తమిళ మీడియం ప్రాథమిక బడిలో. సరిహద్దు మండలాల్లో అలాంటి బడులున్న సంగతి చిత్తూరు వాళ్ళకు కొత్త కాదు. మూడో తరగతి ముగిసే వేళకు, 2020 మార్చిలో, కరోనాతో బడులు మూసేశారు. నాలుగో తరగతి దాదాపు మొత్తం ఇంట్లోనే పోయింది. ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పాటు బేల్దారి పనికి వెళ్ళేది. 2021లో కుటుంబం తిరుపతికి మారింది. ఐదో తరగతిలో చేరేసరికి బడి ఇంగ్లీష్ మీడియం. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. తెలుగు చదవగలిగిన పిల్లకు ఆ పుస్తకం మంచి ఆసరా. నేనైతే దాన్ని మెచ్చుకుంటాను. ఈ పాపకు మాత్రం ఆ రోజు రెండు పేజీల్లో ఏదీ చదవడం రాదు.

హైస్కూలు రికార్డులో మాతృభాష దగ్గర తెలుగు అని ఉంది. పాప తెలుగు గలగలా మాట్లాడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మాట్లాడే తెలుగు వీధిలో, బస్సులో, పూల అంగట్లో వచ్చేస్తుంది. చదివే తెలుగును ఎవరైనా కూర్చోబెట్టి నేర్పాలి. ఐదో తరగతిలో అక్షరాలు దిద్దించే టైం ఎవరికుంటుంది? పాప తనంతట తానే కొంత నేర్చుకుంది.

టెస్టులు ఏం చూపించాయి

చూపు, వినికిడి బాగున్నాయి. చదవడం ఇలా ఉంది: తమిళం రెండో తరగతి స్థాయి. తెలుగు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంది, ఒత్తులొస్తే ఆగిపోతుంది. ఇంగ్లీషు పైకి చదివితే బాగానే వినిపిస్తుంది కానీ అర్థం తెలియదు.

తెలివితేటలు కొలవడానికి మాలిన్ స్కేల్ వాడాను. మేం మిసిక్ అంటాం. అందులో మాటలతో జవాబు చెప్పే భాగం ఒకటి, చేతులతో చేసే భాగం ఒకటి. నియమం ప్రకారం తెలుగులో అడిగి స్కోరు వేశాను. తర్వాత రాని ప్రశ్నలను తమిళంలో మళ్ళీ అడిగి, ఆ జవాబులను విడిగా రాసుకున్నాను, స్కోరులో కలపలేదు. మాటల భాగం స్కోరు ఒక్కటే చూస్తే చీటీలో రాసింది నిజమేననిపిస్తుంది. చేతి పనుల భాగంలో, అంటే దిమ్మెలతో డిజైన్ పేర్చడం, బొమ్మలో లేనిది కనిపెట్టడం లాంటి వాటిలో, పాప వయసుకు తగ్గట్టే చేసింది. మాటలతో పనిలేని రావెన్స్ మాట్రిసెస్‌లో 60 బొమ్మల పజిల్స్ ఉంటాయి. అక్కడా సగటు ఫలితమే. తమిళంలో అడిగినప్పుడు, రావన్న ప్రశ్నల్లో చాలావాటికి జవాబులు వచ్చాయి.

ఐక్యూ నంబరు ఇక్కడ రాయను. రాస్తే చదివినవాళ్ళకు మిగతాదంతా పోయి ఆ నంబరే గుర్తుంటుంది. ఒక నంబరు వల్ల పాపకు ఇప్పటికే జరిగింది చాలు.

ఈ స్కేళ్ళ గురించి తోటి వృత్తివాళ్ళకు తెలిసిన మాటే మళ్ళీ చెబుతాను. మిసిక్ నాగపూర్‌లో తయారైంది. ఇప్పటికీ చాలాచోట్ల వాడే బినె-కామత్ టెస్టుకు ఆధారం కన్నడ, మరాఠీ పిల్లలు, అదీ స్వాతంత్ర్యానికి ముందటి తరం. ఏ కొలత అయినా, ఏ పిల్లల మీద దాన్ని కట్టారో వాళ్ళతో పోల్చి మాత్రమే చెబుతుంది. ఇంట్లో తమిళం, బయట తెలుగు, బడిలో ఇంగ్లీషు ఉన్న 13 ఏళ్ళ పిల్లను దానితో కొలిచి, వచ్చిన అంకెను అలాగే సర్టిఫికెట్‌లో ఎక్కించడం నాకు ఒప్పుదల కాదు.

బుద్ధిమాంద్యం అని చెప్పాలంటే స్కోరు తక్కువైతే సరిపోదు. రోజువారీ పనుల్లోనూ వయసుకు తగ్గ నేర్పు లేకపోవాలి. సోషల్ మెచ్యూరిటీ స్కేల్‌లో పాప తన వయసు కంటే ముందుంది. తమ్ముణ్ణి బడికి తయారుచేస్తుంది, ఒంటరిగా బస్సెక్కి మార్కెట్‌కు వెళ్తుంది, వ్యాపారి దగ్గర బాకీ వసూలు చేసుకొస్తుంది. ఇక డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యం సంగతి. బోధనా భాష సరిగా రాకపోవడం వల్లనో, చదువు సరిగా అందకపోవడం వల్లనో వచ్చిన వెనుకబాటును ఆ పేరుతో పిలవకూడదని, మానసిక సమస్యల నిర్ధారణకు మేం వాడే డీఎస్ఎం-5 మాన్యువల్ స్పష్టంగా చెబుతుంది. ఇక్కడ ఆ రెండు కారణాలూ ఉన్నాయి.

ఒక చిన్న విషయం. మొదటిరోజు అంకెలు విని తిరిగి చెప్పే టెస్టులో పాప నాలుగంకెల దగ్గరే ఆగిపోయింది. టేబుల్ మీద స్టాప్‌వాచ్ ఉంది. పాప చూపంతా దాని మీదే. ఇంకో రోజు మాటల్లో పూల వ్యాపారుల ప్రస్తావన వచ్చింది. వాళ్ళ ఫోను నంబర్లు నలుగురివి, పదేసి అంకెలు, తడుముకోకుండా చెప్పేసింది. జ్ఞాపకశక్తి ఉన్న పిల్ల నాలుగంకెల దగ్గర ఎందుకు ఆగింది? "పరీక్షంటే ఖాళీ అయిపోతాది మేడం, తలకాయలో ఏమీ ఉండదు" అంది.

పూల లెక్క

వాళ్ళమ్మ ఇంటి దగ్గరే పూలు కడుతుంది. వ్యాపారి కిలోల లెక్కన పూలిచ్చి, కట్టాక మూరల లెక్కన డబ్బిస్తాడు. సీజన్లో సొంతంగా కొని కట్టి అమ్ముతారు కూడా.

పాప ఎస్ఏ-1 జవాబు పత్రం తెప్పించి చూశాను. లాభశాతం లెక్క ఒకటి ఇంగ్లీషులో నాలుగు లైన్లుంది. పాప ఆ నాలుగు లైన్లలో కనిపించిన అంకెలన్నిటినీ ఒకదాంతో ఒకటి గుణించి, వచ్చిన పెద్ద సంఖ్య కింద గీత గీసింది. చూసినవాళ్ళకు లెక్క అర్థం కాని పిల్లే అనిపిస్తుంది. అదే లెక్కను మార్చి నోటితో అడిగాను. అయిదు కిలోల మల్లెలు, కిలో 300 రూపాయలకు కొన్నాం. అరకిలో వాడిపోయింది. కిలోకి 20 మూరలు వస్తాయనుకో. మూర 18 రూపాయలకు అమ్మితే ఏమొస్తుంది?

కాగితం అడగలేదు. "నాలుగున్నర కిలో. తొంభై మూరలు. మూర ఇరవై అయితే పద్దెనిమిది వందలు. మూరకు రెండు తగ్గె, నూట ఎనభై తీసెయ్యాల. పదహారు వందల ఇరవై. పెట్టుబడి పదిహేను వందలు. నూట ఇరవై మిగులుతాది." ఒక్క క్షణం ఆగి, "దారం ఎవురిది మేడం? మనదైతే అంత మిగలదు" అంది.

వంద పెట్టుబడికి ఎంత మిగిలినట్టు అని అడిగాను. వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టి "ఎనిమిది" అంది. ఎనిమిది శాతం లాభం. దాన్ని అలా అంటారని మాత్రం తెలియదు. దారం ఖర్చు సంగతి నేను ప్రశ్నలో పెట్టనే లేదు. అది తనకు తోచింది.

ఇది ఈ ఒక్క పాప ప్రత్యేకత కాదు. 2025లో నేచర్ పత్రికలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, వాళ్ళ సహచరులు ఒక అధ్యయనం ప్రచురించారు. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లలు సరుకు అమ్మేటప్పుడు చిక్కు లెక్కలు మనసులోనే చేసేశారు. అవే లెక్కలు బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే చాలామంది చేయలేకపోయారు. పనికి వెళ్ళకుండా బడిలోనే చదువుకునే పిల్లల సంగతి తిరగబడింది: బడి లెక్కలు వచ్చు, మార్కెట్ లెక్కలు రావు. ఒకచోట వచ్చినది ఇంకోచోటికి దానంతటది వెళ్ళదు, మధ్యలో వంతెన ఎవరో కట్టాలి.

అందుకే పాపకు అన్నీ వచ్చు, తప్పంతా పేపర్‌దే అని నేను రాయలేదు. అలా రాస్తే అబద్ధమే అవుతుంది. పాపకు భిన్నాలు రాయడం రాదు, రుణ సంఖ్యలు రావు, ఎక్స్ కనిపిస్తే పెన్ను కింద పెట్టేస్తుంది. ఎనిమిదో తరగతి సిలబస్ రాదని 11 మార్కులు చెప్పాయి, అది నిజం. ఎందుకు రాదో అవి చెప్పలేదు. ఆ ఖాళీలో పెద్దవాళ్ళు మెదడును పెట్టారు. పెట్టి ఊరుకోలేదు. పాఠం జరిగే గదిలోంచి పాపను బయటికి తీసుకొచ్చారు. ఎవరికి పాఠం అందరికంటే ఎక్కువ కావాలో వాళ్ళకే పాఠం ఆగిపోయింది. తర్వాతి పరీక్షలో ఇంకా తగ్గితే, చూశారా ముందే చెప్పాం కదా అంటారు.

అందరి ముందూ బ్యాచ్ పేరు పెట్టి పిలవడం గురించి కూడా తెలిసిన విషయం ఉంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే పరిశోధకులు ఉత్తరప్రదేశ్‌లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు చిక్కుదారి పజిల్స్ ఇచ్చారు. కులం ప్రస్తావన లేనప్పుడు అన్ని కులాల పిల్లలూ ఇంచుమించు సమానంగా చేశారు. పేరుతో పాటు కులాన్ని పైకి చదివినప్పుడు కింది కులాల పిల్లల ఫలితం పడిపోయింది. పజిల్స్ మారలేదు, పిల్లలు మారలేదు. గదిలో తమను ఎలా చూస్తున్నారన్నది మారింది. మా పాప స్టాప్‌వాచ్ వంక చూసిన చూపు నాకు ఈ అధ్యయనాన్ని గుర్తుచేసింది.

పరీక్షలే వద్దని నేననను. రెమా హన్నా, లీ లిండెన్ 2012లో ప్రచురించిన అధ్యయనంలో, పేపర్ మీద కింది కులం పిల్లల వివరాలుంటే మన దేశంలోనే దిద్దేవాళ్ళు కాస్త తక్కువ మార్కులు వేశారు. ఆ వివరాలు ఏ పేపర్ మీద ఏవి రావాలన్నది లాటరీలాగా పంచారు. పేరు కనపడని ఉమ్మడి పరీక్ష పేద పిల్లకు రక్షణ కూడా అవుతుందన్నమాట. కొలవడం మానేస్తే వెనకబడ్డ పిల్లలు అసలు కనపడకుండా పోతారు. నా అభ్యంతరం కొలిచాక చేసే పని మీద.

ఏం చేశాం

సర్టిఫికెట్‌కు రాయలేదు. బడికి ఒక పేజీ ఉత్తరం రాశాను. పాపకు బుద్ధిమాంద్యం లేదు. ఇప్పటి ఆధారాలతో అభ్యసన వైకల్యం అని కూడా చెప్పలేం. రెండేళ్ళు తెలుగు చదువు సరిగ్గా అందాక మళ్ళీ చూడాలి. ఇంటి భాష తమిళం అని రికార్డులో సరిచేయండి. రెగ్యులర్ సెక్షన్‌లోకి పంపండి.

ఉత్తరంతో పాటు విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ తెలుగులో రాసి జతచేశాను. పిల్లలకు భయం, ఆందోళన లేకుండా చూడాలని, వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలని, నిరంతర సమగ్ర మూల్యాంకనం చేయాలని 2009 నుంచీ చట్టంలో ఉంది. చట్టం చూపించి బెదిరించడానికి కాదు, పై అధికారి అడిగితే హెడ్మాస్టర్ చేతిలో ఒక కాగితం ఉండాలని. చీటీ రాసిన టీచరే స్వయంగా మాట్లాడి పాపను పాత సెక్షన్‌లో కూర్చోబెట్టారు. అందుకు ఆయనకు నా నమస్కారం.

అసలు పని చేసింది లెక్కల టీచరమ్మ. ఒక నోటుబుక్కు పెట్టించింది. ఎడమ పేజీలో పాప నోటితో చెప్పిన లెక్క, చెప్పింది చెప్పినట్టు తెలుగు మాటల్లో. కుడి పేజీలో అదే లెక్క బడి గుర్తులతో. "మూరకు రెండు తగ్గె" ఎదురుగా బ్రాకెట్లో 20 మైనస్ 2, బయట 90. కొన్ని వారాలకు 90ని 20తో, 2తో విడివిడిగా గుణించి తీసివేయడమే తాను రోజూ మనసులో చేసే పని అని పాప పట్టుకుంది. ఎక్స్ అంటే భయం కూడా అక్కడినుంచే తగ్గింది, ఇంకా తెలియని మూర ధర అనుకోమని ఆమె చెప్పిందట. క్లాసు పరీక్షల్లో ప్రశ్నను తెలుగులో ఒకసారి చదివి వినిపించేది. జవాబు చెప్పేది కాదు, చదివి వినిపించేది, అంతే.

తెలుగు చదవడం ఒత్తుల దగ్గరినుంచి మొదలైంది. వాళ్ళమ్మకు చదువు రాదు కాబట్టి ఇంట్లో చదివించమని చెప్పలేదు. పూలు కట్టేటప్పుడు పక్కన కూర్చుని పాప పైకి చదవాలి, తల్లి వినాలి, కథ అర్థం కాకపోతే మళ్ళీ చదవమనాలి. తల్లి ఈ పని చక్కగా చేసింది. కడుపునొప్పి కోసం వేరే చికిత్స ఏమీ చేయలేదు. పరీక్ష ముందురోజు పేపర్ ఎలా ఉంటుందో చూపించి, సులువైన ప్రశ్నలు ముందు వెతుక్కోవడం సాధన చేయించాను. నొప్పి పూర్తిగా పోలేదు, బస్సు ఎక్కలేనంత మాత్రం రావడం లేదు.

ఫలితం

ఏడాది చివరి పరీక్ష ఎస్ఏ-2లో లెక్కల్లో 38 వచ్చాయి. తెలుగులో కొంచెం పెరిగాయి, సైన్సు, సోషల్‌లో పెద్ద మార్పు లేదు. రిపోర్టు కార్డులో లెక్కల ఎదురుగా ఇప్పటికీ సీ అనే ఉంది. 40 లోపు అంతా సీ కాబట్టి 11కీ 38కీ ఒకటే అక్షరం. అందుకే తల్లికి కార్డు కాకుండా రెండు జవాబు పత్రాలూ పక్కపక్కన పెట్టి చూపించాను. మొదటి దాంట్లో గుణించేసిన అంకెలు, రెండో దాంట్లో సగం దాకా సరిగ్గా వెళ్ళి ఆగిన స్టెప్పులు. సగం లెక్కకు మార్కులు వేసిన టీచర్లు ఉండబట్టే ఆ 38.

ఇంకో నష్టం తీరలేదు. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ఎనిమిదో తరగతిలోనే రాయాలి. ఏడాదికి మూడున్నర లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకోసం పెట్టింది. వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. అయితే రాయాలంటే ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50. ఈ పాపకు అప్లై చేసే వీలే లేకపోయింది. ఆ డబ్బు అందరికంటే ఎక్కువ అవసరమైన పిల్లలే గడప దగ్గర ఆగిపోయే నియమం ఇది. మార్చాల్సిందేనని గట్టిగా అనుకుంటున్నాను.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఇలాంటి రెఫరల్స్ చూసే తోటివాళ్ళకు నా విన్నపం. స్కేల్ తీసేముందు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో పిల్లనే అడగండి, రికార్డును నమ్మవద్దు. సరిహద్దు మండలాల్లో తమిళం, పలమనేరు, కుప్పం వైపు కన్నడం కూడా ఉంటుంది. 2020, 2021లో ఆ పిల్ల ఏ తరగతిలో ఉందో రాసుకోండి. అక్షరాలు, ఎక్కాలు కుదురుకునే వయసులో బడి పోయిన పిల్లలు ఇప్పుడు హైస్కూళ్ళలో ఉన్నారు. జవాబు పత్రం తెప్పించుకుని చూడండి, మార్కుల లిస్టు చాలదు. బడికి రాసే ఉత్తరంలో ఐక్యూ అంకె వేయకండి.

పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. బీజగణితంలో ఇంకా వెనకబడే ఉంది, సైన్సు పాఠం తెలుగు పేజీలో చదివి అర్థం చేసుకోవడం ఈమధ్యే మొదలైంది. పదో తరగతి నామినల్ రోల్‌లో, అంటే పరీక్షకు బడి పంపే పిల్లల జాబితాలో, మీడియం ఇంగ్లీషు రాయాలా, తెలుగు రాయాలా అన్నది పాప, వాళ్ళమ్మ, లెక్కల టీచరమ్మ కూర్చుని తేల్చుకోవాలి. ఈ వేసవి సెలవుల్లో రెండు భాషల్లోనూ ఒక్కో మోడల్ పేపర్ రాయించి, ఎందులో ఎక్కువ ప్రశ్నలు అర్థమవుతున్నాయో చూసి నిర్ణయిద్దామని వాళ్ళకు చెప్పాను. అభ్యసన వైకల్యం పరీక్ష కూడా ఆ తర్వాతే మళ్ళీ చేస్తాను.